తెర మీద పాఠం.. పక్కన నాన్న

క్లేటన్ (మెల్‌బోర్న్) నుంచి

పరాయి దేశంలో పిల్లల్ని పెంచడమంటే సగం లెక్కల పనే. అద్దెకెంత, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేదెంత, స్కూలు అయ్యాక పిల్లల్ని చూసుకునే చోట కట్టేదెంత.. ఇవన్నీ పోగా పిల్లల సరదాలకు మిగిలేది తక్కువ. ఈత, డాన్సు, కీబోర్డు, బొమ్మలు గీయడం.. దేనికి కావాలంటే దానికి ఇక్కడ క్లాసులున్నాయి. ఇద్దరు పిల్లలుంటే ఫీజు రెండింతలు. సరే, ఎలాగో కట్టేద్దామనుకున్నా తీసుకెళ్లేదెవరు? తెచ్చేదెవరు? ఊళ్లో అయితే తాతయ్య సైకిల్ మీదో, బాబాయి బండి మీదో దింపి వచ్చేవారు. ఇక్కడ తాతయ్యలు, బాబాయిలు ఫోన్‌లోనే ఉంటారు.

అందుకే ఇక్కడి కొన్ని తెలుగు కుటుంబాల వాళ్లం కలిసి ఒక దారి పట్టాం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే చిత్రలేఖనం పాఠాలతో పిల్లలకు ఇంట్లోనే బొమ్మలు నేర్పుతున్నాం. మాలో ఎవరమూ చిత్రకారులం కాదు. కొందరం కట్టడాల సైట్లలో సూపర్‌వైజర్లం, ఒకరు ట్రక్కు నడుపుతారు, ఒకావిడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో షిఫ్టులు చేస్తుంది. అయినా ఈ పని సాగుతోంది. ఎలా సాగుతోందో, మాకేం తెలిసొచ్చిందో చెబితే దుబాయ్‌లో ఉన్నవాళ్లకో, సింగపూర్‌లో ఉన్నవాళ్లకో పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు.

మా ఊరు ఇదీ

క్లేటన్ మెల్‌బోర్న్ నగరానికి ఆగ్నేయంగా 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒకవైపు మొనాష్ యూనివర్సిటీ, మరోవైపు పెద్దాసుపత్రి. క్లేటన్ రోడ్డు మీద నడిస్తే కంది పప్పు, గోంగూర పచ్చడి దొరికే కొట్లున్నాయి. చైనా వాళ్లు, మనవాళ్లు, ఇంకా ఎన్నో దేశాల వాళ్లు కలిసి బతికే చోటు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు, పనికి వచ్చి స్థిరపడినవాళ్లు ఇంకొందరు.

ఇక్కడ కట్టడాల పని పొద్దున్నే ఏడింటికల్లా మొదలు. అంటే ఇంట్లోంచి ఐదున్నరకు బయటపడాలి. పిల్లలు లేచేసరికి మేం సైటులో టూల్‌బాక్స్ మీటింగ్‌లో ఉంటాం. సాయంత్రం వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. 'హోంవర్క్ చేశావా?', 'తిన్నావా?' అన్న రెండు ప్రశ్నలతో ఆ రోజుకి మాటలు సరి. ఆ రెండింటికీ పిల్లల జవాబు ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క. ఏళ్లు గడిచేకొద్దీ పిల్లలు తెలుగులో మాట్లాడటం తగ్గిపోతుంది. అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. మా అందరి ఇళ్లలోనూ ఇదే కథ.

మొదలైంది ఇలా

మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ రెండేళ్లు మరిచిపోలేరు. 2020 మార్చి నుంచి 2021 అక్టోబరు మధ్య ఆరుసార్లు లాక్‌డౌన్ పెట్టారు. మొత్తం 262 రోజులు. పిల్లల చదువు లాప్‌టాప్‌లోకి వెళ్లిపోయింది. కట్టడాల పని చాలావరకు నడిచినా, 2021 సెప్టెంబరులో రెండు వారాలు సైట్లు కూడా మూసేశారు. అప్పుడు ఇంట్లో కూర్చుని చూస్తే తెలిసింది, స్కూలు పాఠం అయిపోగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే బొమ్మల వీడియోలు పెట్టుకుని గీస్తున్నారని.

ఆ సమయంలో అలాంటి పాఠాలు వెల్లువలా వచ్చాయి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే మో విలెమ్స్ అనే అమెరికన్ రచయిత 2020 మార్చిలో, స్కూళ్లు మూతపడగానే, మధ్యాహ్నం భోజనం వేళకు తన గదిలోంచి పిల్లలతో కలిసి గీతలు గీసే కార్యక్రమం మొదలుపెట్టాడు. పెద్ద పాఠమేమీ ఉండదు. 'రండి, కలిసి గీద్దాం' అనడమే. ప్రపంచమంతా పిల్లలు ఆయనతో పాటు గీశారు.

లాక్‌డౌన్లు పోయాయి, మళ్లీ ఎవరి పరుగు వాళ్లది. కానీ ఆ అలవాటును వదలకూడదనుకున్నాం. శనివారం సాయంత్రం ఒకరి ఇంట్లో కలుస్తాం. ఐదేళ్ల వాళ్ల నుంచి పదకొండేళ్ల వాళ్ల దాకా పిల్లలు. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, టీవీకి వీడియో తగిలించి కూర్చుంటాం.

ఏ పాఠం ఎవరికి?

ఇంటర్నెట్‌లో వెతికితే వేలు కనిపిస్తాయి. ఏది ఎంచుకోవాలో తెలియక తల తిరుగుతుంది. మేం వాడి చూసినవీ, బాగున్నాయనిపించినవీ చెబుతాం.

చిన్న పిల్లలకు 'ఆర్ట్ ఫర్ కిడ్స్ హబ్'. 2012లో అమెరికాలో ఒక తండ్రి మొదలుపెట్టిన యూట్యూబ్ చానల్ ఇది. ఆయన తన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గీస్తాడు. తెర మీద రెండు కాగితాలు కనిపిస్తాయి. నాన్న గీసేది ఒకటి, బిడ్డ గీసేది ఒకటి. రెండూ ఒకేలా రావు. అదే అందులో ఉన్న గొప్ప. చూసే పిల్లవాడికి 'నాది వంకరగా వచ్చినా ఫరవాలేదు' అన్న ధైర్యం వస్తుంది.

కొంచెం పెద్ద పిల్లలకు ఖాన్ అకాడమీ. పిక్సార్ సినిమా కంపెనీతో కలిసి 2015లో వాళ్లు ఒక కోర్సు తెచ్చారు. కార్టూన్ సినిమాలో పాత్రలు ఎలా పుడతాయి, గడ్డి ఎలా కదులుతుంది, దాని వెనక లెక్కలేంటి అన్నది అందులో చెబుతారు. బొమ్మలంటే ఇష్టం, లెక్కలంటే భయం ఉన్న పిల్లలకు ఇది మంచి మందు.

ప్రసిద్ధ చిత్రాల గురించి తెలుసుకోవాలంటే 'స్మార్ట్‌హిస్టరీ'. 2005లో బెత్ హారిస్, స్టీవెన్ జకర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు మొదలుపెట్టారు. పాఠాలన్నీ ఉచితం. వీటిలో చాలావాటిలో ఇద్దరు మనుషులు ఒక చిత్రం ముందు నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒకరు 'అక్కడ చూశావా?' అంటే ఇంకొకరు 'అవును, ఆ వెలుతురు ఎటు నుంచి వస్తోంది?' అన్నట్టు సాగుతుంది. ఉపన్యాసం లాగా ఉండదు. పిల్లల కంటే ముందు పెద్దవాళ్లకు పనికొచ్చే పాఠాలివి.

గూగుల్ వాళ్లు 2011లో 17 మ్యూజియంలతో మొదలుపెట్టిన ఆర్ట్ ప్రాజెక్టు ఇప్పుడు 'గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్'గా పెద్దదైంది. అందులో వాన్ గో వేసిన నక్షత్రాల రాత్రి చిత్రాన్ని దగ్గరికి లాగి చూస్తే కుంచె గీసిన చాళ్లు కూడా కనిపిస్తాయి. సిమెంటు గోడ మీద తాపీ మేస్త్రి చెయ్యి ఎటు తిరిగిందో మనం ఎలా చెప్పేస్తామో, ఆ రంగు చాళ్లను చూసి ఆయన చెయ్యి ఎటు తిరిగిందో మా పిల్లలు చెప్పేస్తున్నారు!

వయసును బట్టి పాఠం ఎంచుకోవాలన్నది ఇంకో సంగతి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే చిత్రకళ ఉపాధ్యాయుడు 1947లో రాసిన పుస్తకంలో పిల్లల గీతలు ఏ వయసులో ఎలా ఉంటాయో దశలవారీగా చెప్పాడు. రెండు నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. నాలుగు నుంచి ఏడు దాకా పెద్ద తల, దానికే అతికించిన కాళ్లు. ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రతి ఇల్లూ ఒకేలా, ప్రతి చెట్టూ ఒకేలా. తొమ్మిది దాటాక 'నిజంగా ఉన్నట్టు' రావాలన్న పట్టింపు మొదలవుతుంది. అక్కడే ప్రమాదం. 'నాకు రాదు' అని పెన్సిల్ పక్కన పడేసే వయసు అదే. ఆ వయసు పిల్లలకు బెటీ ఎడ్వర్డ్స్ 1979లో తన పుస్తకంలో చెప్పిన చిట్కా బాగా పనిచేస్తుంది. చూసి గీయాల్సిన బొమ్మను తలకిందులుగా పెట్టాలి. అప్పుడు అది ముక్కు, ఇది కన్ను అన్న ఆలోచన పోయి గీత గీతగా కనిపిస్తుంది. గీసిన కాగితాన్ని తిప్పి చూసుకున్నాక పిల్లల ముఖాలు చూడాలి!

వీడియో పెట్టి వెళ్లిపోతే?

ఇక అసలు విషయానికొద్దాం. వీడియో పెట్టేసి మనం వంటింట్లోకో, ఫోన్‌లోకో వెళ్లిపోతే ఏమవుతుంది? మొదటి పది నిమిషాలు గీస్తారు. తర్వాత ఒకడు పెన్సిల్ చెక్కుతూ ఉంటాడు, ఒకమ్మాయి పక్కవాళ్ల కాగితం మీద గీస్తుంది. కాసేపటికి పక్కనున్న కార్టూన్ వీడియోకి వెళ్లిపోతారు. పాఠం బాగాలేక కాదు. తెర మాట్లాడుతుంది కానీ వినదు కదా!

మనం కూడా ఒక కాగితం తీసుకుని పక్కన కూర్చుంటే కథ మారిపోతుంది. 'నాన్నా, నీ ఏనుగుకి తొండం పొట్టిగా వచ్చింది' అని నవ్వుతారు. సైటులో ముప్పై మందికి పని చెప్పే మనిషికి తొండం గీయడం రాదని తెలిస్తే వాళ్లకెంత సంతోషమో! ఆ సంతోషంలో వాళ్లు నేర్పడం మొదలుపెడతారు. 'ఇలా కాదు, ముందు గుండ్రం గీయి' అంటారు. నేర్పేవాడికే ఎక్కువ వస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మేం పాటించే పద్ధతి ఇది. వీడియోను ముందు రోజు రాత్రే పెద్దవాళ్లలో ఒకరు పూర్తిగా చూస్తారు. పిల్లలతో చూసేటప్పుడు ప్రతి రెండు మూడు గీతలకు ఆపుతాం. తెర ఇరవై నిమిషాలు దాటదు. తర్వాత టీవీ ఆపేసి అదే బొమ్మను చూడకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు గీయాలి. వీడియోలో కుక్క నేర్పితే, రెండో బొమ్మలో ఆ కుక్క ఎక్కడుందో, ఏం చేస్తోందో పిల్లలే కల్పించాలి. పిల్లల కాగితం మీద పెద్దవాళ్ల పెన్సిల్ పడకూడదు. దిద్దాలనిపిస్తే మన కాగితం మీద దిద్దుకోవాలి.

ఆ తర్వాతది ముఖ్యమైన పని, మాట్లాడించడం. చిత్రాలు చూపించి పిల్లల్ని మాట్లాడించడానికి అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పద్ధతి తయారుచేశారు. యెనవైన్ న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో విద్యా విభాగాన్ని చూసినవాడు. వాళ్ల పద్ధతంతా మూడు ప్రశ్నల్లో ఉంటుంది. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అని ఎందుకు అనిపించింది, ఏది చూసి? ఇంకా ఏం కనిపిస్తోంది? అంతే. తప్పు, ఒప్పు అనే మాట ఉండదు.

మేం చేసిందల్లా ఆ మూడు ప్రశ్నలనూ తెలుగులో అడగడం. పిల్లలు జవాబు ఇంగ్లిష్‌లో మొదలుపెడతారు. 'ఆ రంగును మనం ఏమంటాం?' అంటే 'నారింజ' అని గుర్తు చేసుకుంటారు. 'వంకర', 'వాలు', 'అంచు', 'నీడ', 'మసక'.. ఇలాంటి మాటలు పుస్తకం పెట్టి నేర్పితే ఎక్కవు. తన బొమ్మ గురించి తను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు అవే వస్తాయి. తెలుగులో ఒక్క ముక్క మాట్లాడని ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక శనివారం ఇంట్లోవాళ్ల బొమ్మ వేశాడు. అమ్మ ఉంది, చెల్లి ఉంది, పిల్లి ఉంది. నాన్న ఉన్న చోట ఆరెంజ్ రంగు సేఫ్టీ జాకెట్, బూట్లు, తల మీద హెల్మెట్ ఉన్నాయి. ముఖం లేదు. 'ముఖం ఏదిరా?' అని అడిగితే 'పొద్దున్న చీకటి కదా, కనపడదు' అన్నాడు. తెలుగులోనే అన్నాడు. బల్ల చుట్టూ కూర్చున్న నాన్నలందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఒక్క మాట వినడానికైనా ఈ శనివారాలు ఉండాలనిపించింది.

మన పనిలోనూ బొమ్మలే

డిప్లొమా చదివిన మాలాంటి వాళ్లకు డ్రాయింగ్ కొత్తదేం కాదు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ బోర్డు చంకన పెట్టుకుని, మినీ డ్రాఫ్టర్ భుజాన వేలాడేసుకుని బస్సెక్కిన వాళ్లమే. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ గీసీ గీసీ వేళ్లకు కాయలు కాచాయి. ఇప్పటికీ రోజూ డ్రాయింగులు చూసే స్లాబ్ వేయిస్తాం, షట్టరింగ్ నిలబెట్టిస్తాం. కాగితం మీది గీత రేపు గోడ అవుతుందని మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ సంగతి పిల్లలకు చెప్పాలి.

ఒక టీ కప్పు బల్ల మీద పెట్టి, పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి ఎలా ఉంటుంది, మధ్యకు కోస్తే ఎలా ఉంటుంది అని గీయించాం. పైనుంచి చూస్తే వట్టి గుండ్రమే! పిల్లలకు అదో వింత. తర్వాత వాళ్ల పడకగదికి ప్లాన్ గీయించాం. టేపుతో కొలిచి, ఒక మీటరుకు రెండు సెంటీమీటర్ల లెక్కన కాగితం మీద పెట్టారు. గది మూడు మీటర్లయితే కాగితం మీద ఆరు సెంటీమీటర్లు. స్కూల్లో నిష్పత్తి లెక్క రానివాడికి మంచం ఎక్కడ పట్టదో తెలిసిపోయింది.

దూరాన్ని గీయడం నేర్పే వీడియోలు బోలెడున్నాయి. కానీ అది నేర్చుకోవడానికి క్లేటన్‌లో అంతకంటే మంచి బడి ఉంది. ఇక్కడ ఒకప్పుడు రైలు గేటు పడితే రోడ్డంతా ఆగిపోయేది. 2018లో పట్టాలను స్తంభాల మీదకు ఎక్కించి కొత్త స్టేషన్ కట్టారు. ఆ పట్టాల కింద నిలబడి చూస్తే స్తంభాలు వరసగా, దూరం వెళ్లేకొద్దీ చిన్నవవుతూ ఒక చుక్క దగ్గర కలుస్తున్నట్టు కనిపిస్తాయి. 'అన్నీ ఒకే కొలత స్తంభాలే. మరి చివరిది చిన్నగా ఎందుకుంది?' అని అడిగాం. పిల్లలు అక్కడే నేల మీద కూర్చుని గీశారు. వీడియోలో పది నిమిషాలు చెప్పినా ఎక్కనిది అక్కడ రెండు నిమిషాల్లో ఎక్కింది.

ముగ్గు నుంచి చేర్యాల దాకా

ఆన్‌లైన్ పాఠాలు చాలావరకు అమెరికా, ఇంగ్లండ్ వాళ్లవి. వాటిలో గుమ్మడికాయ అంటే హాలోవీన్, పండగ అంటే క్రిస్మస్. మన బొమ్మలు మనమే కలుపుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ వచ్చిన విద్య ఒకటుంది, ముగ్గు.

సందు చుక్క ఏడు నుంచి నాలుగు దాకా పెట్టి, మొత్తం చుక్కలెన్నో లెక్కపెట్టమన్నాం. ఒక్కొక్కటీ లెక్కపెట్టినవాళ్లకు ఆలస్యమైంది. మధ్య వరుస ఏడు, రెండు పక్కలా ఆరు, ఐదు, నాలుగు.. కూడితే 37 అని ఒక పాప టక్కున చెప్పింది. ఇంటి ముందు కాంక్రీటు మీద చాక్‌పీసుతో పెట్టిన ఆ ముగ్గును చూడ్డానికి పక్కింటి గ్రీకు బామ్మ కూడా వచ్చింది. ఊళ్లో ఉన్న అమ్మమ్మలకు వీడియో కాల్ చేసి 'మెలికల ముగ్గు ఎలా తిప్పాలి?' అని పిల్లలే అడుగుతున్నారు. ఇన్నాళ్లూ 'బాగున్నావా' తర్వాత ఏం మాట్లాడాలో తెలియని మనవరాళ్లకు, అమ్మమ్మలకు ఇప్పుడు మాట తెగడం లేదు.

తర్వాత చేర్యాల పటం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు తరతరాలుగా వేస్తున్న బొమ్మలివి. గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు కలిపి పట్టించి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద కథంతా గళ్లు గళ్లుగా గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం.. ఇలా ఒక్కో కులానికి ఒక్కో పటం. గజాల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని చుట్టగా చుట్టి ఊరూరా తీసుకెళ్లేవారు. రాత్రి దీపం వెలుగులో ఒక్కో గడి విప్పుతూ, పాడుతూ, కథ చెప్పేవారు.

ఆలోచిస్తే అది ఆనాటి వీడియోనే కదా! కానీ పటం ఒక్కదాన్నే గోడకు తగిలించి ఊరిమీద వదిలేసి ఎవరూ వెళ్లలేదు. పక్కన కథ చెప్పే మనిషి ఉన్నాడు. జనం నవ్వితే ఆగాడు, ఏడిస్తే గొంతు తగ్గించాడు, పిల్లవాడు అడ్డుప్రశ్న వేస్తే జవాబు చెప్పాడు. ఆ మనిషి వల్లే పటం కథైంది. యూట్యూబ్‌లో పాఠం చెప్పేవాడు ఎంత గొప్పవాడైనా మన పిల్లల పక్కన ఆ మనిషి స్థానం ఖాళీగానే ఉంటుంది. అక్కడ మనం కూర్చోవాలి.

మా పిల్లల చేత కూడా పటం వేయించాం. ఇక్కడ చింతగింజలు ఎక్కడ దొరుకుతాయి? మైదా ఉడికించిన జిగురుతో, పాత దుప్పటి గుడ్డతో సరిపెట్టుకున్నాం. కథ వాళ్ల సొంతం, 'శంషాబాద్ నుంచి క్లేటన్ దాకా'. ఐదు గళ్లు. విమానం, సూట్‌కేసులు, కొత్త స్కూలు, వాన, ఇల్లు. చివరి గడిలో ఇంట్లో అందరినీ గీసి, నానమ్మను మాత్రం చిన్న పెట్టెలో గీసింది ఒక పాప. ఎందుకమ్మా అంటే, 'నానమ్మ ఫోన్‌లోనే కదా ఉంటుంది' అంది. ఆ పటం ఫొటో ఊరికి పంపారు. ఆ పెద్దావిడ దాన్ని ప్రింటు తీయించి గోడకు పెట్టుకుందట.

పిల్లలు దూరంగా ఉన్న నాన్నలకు

ఇదంతా పిల్లలు పక్కనున్న వాళ్ల సంగతి. గల్ఫ్‌లో, సింగపూర్‌లో క్యాంపుల్లో ఉంటూ, భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లు 'మాకేంటి దీనివల్ల' అనుకోవచ్చు. నిజానికి ఇది మీకే ఎక్కువ పనికొస్తుంది.

మా మిత్రుడొకరి తమ్ముడు ఖతార్‌లో పనిచేస్తాడు. కూతురు జగిత్యాలలో నాలుగో తరగతి. వీడియో కాల్ చేస్తే 'తిన్నావా, చదువుతున్నావా' అయిపోగానే పాప ఫోన్ అమ్మకిచ్చి పారిపోయేది. అన్న సలహాతో అతనొక ఆట మొదలుపెట్టాడు. సెలవు రోజున కాగితం మీద సగం బొమ్మ గీసి ఫొటో పంపుతాడు. మిగతా సగం కూతురు గీసి తిరిగి పంపాలి. ఒంటె సగం పంపితే రెండో సగం గేదె అయి వచ్చింది! క్యాంపులో గది వాళ్లందరూ పగలబడి నవ్వారట. ఇప్పుడు ఇద్దరూ ఒకే వీడియో పాఠాన్ని ఎవరి చోట వాళ్లు చూసి, గీసి, కాల్‌లో పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. పాప ఇప్పుడు ఫోన్ అమ్మకివ్వడం లేదు. ఖర్చు? ఒక నోటుబుక్కు, ఒక పెన్సిల్.

జాగ్రత్తలూ ఉన్నాయి

మొదటిది, తెర ముందు సమయం. ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదు. ఐదు నుంచి 17 ఏళ్ల వాళ్లకు వినోదం కోసం చూసేది రెండు గంటలు దాటకూడదు. బొమ్మల పాఠమే కదా అని ఈ లెక్క దాటిపోతే లాభం లేదు. చూసిన దానికి రెండింతల సేపు కాగితం మీద చెయ్యి ఆడాలి.

రెండోది, ఖాతాలు. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 16 ఏళ్ల లోపు పిల్లలకు యూట్యూబ్‌తో సహా కొన్ని సోషల్ మీడియా సంస్థల్లో సొంత ఖాతా ఉండకూడదు. యూట్యూబ్ కిడ్స్‌కి మినహాయింపు ఉంది. కాబట్టి ఇక్కడున్నవాళ్లు తమ ఖాతాలోనే వీడియో పెట్టి, పక్కన కూర్చుని చూపించడం మేలు. కూర్చోవాలన్నదే కదా మేం చెబుతున్నదీ!

మూడోది, డబ్బు. 'మొదటి వారం ఉచితం' అంటూ కార్డు నంబరు అడిగే కోర్సులు చాలా ఉన్నాయి. గడువులోపు రద్దు చేసుకోకపోతే ఏడాది రుసుము కోసేసుకునేవీ ఉంటాయి. ఉచితంగా దొరికేవి అయిపోయాక అప్పుడు ఆలోచించవచ్చు. మేం ఇంకా అక్కడి దాకా రాలేదు. పిల్లల బొమ్మల కోర్సుకు సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టడం అనవసరం.

నాలుగోది, ఇంట్లో నేర్పడానికీ, బడి మాన్పించి ఇంట్లోనే చదివించడానికీ తేడా ఉంది. విక్టోరియా రాష్ట్రంలో ఆరు నుంచి 17 ఏళ్ల పిల్లలు బడికి వెళ్లాలి, లేదా ఇంటి చదువు కింద రిజిస్ట్రేషన్ అథారిటీలో నమోదు చేయించాలి. అలా నమోదైతే ఎనిమిది విషయాలు నేర్పాలి. అందులో కళలు కూడా ఒకటి. మేం చేసేది బడితో పాటు చేసే పని, దానికి ఏ నమోదూ అక్కర్లేదు.

తెర వదిలి గడప దాటితే

నెలకో రెండు నెలలకో ఒకసారి పిల్లల్ని అసలు బొమ్మల దగ్గరికి తీసుకెళ్తాం. మెల్‌బోర్న్ నగరంలో 1861లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా ఉంది. శాశ్వత ప్రదర్శన చూడ్డానికి టికెట్ లేదు. సెయింట్ కిల్డా రోడ్డులోని భవనానికి గుమ్మం దగ్గరే అద్దం మీద నీళ్లు జారే గోడ ఉంటుంది. పిల్లలు ముందు దానికి చేతులు ఆనించకుండా లోపలికి రారు. లోపల పెద్ద హాలు కప్పు మొత్తం రంగుల గాజు. సుమారు 50 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. జనం కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మేమూ పడుకున్నాం.

దాన్ని చేసింది లెనార్డ్ ఫ్రెంచ్. మెల్‌బోర్న్‌లోని బ్రన్స్‌విక్‌లో 1928లో పుట్టాడు. సైన్‌బోర్డులు రాసే పనిలో అప్రెంటిస్‌గా మొదలైన మనిషి. ఆ కప్పుకు ఐదేళ్లు పట్టింది. ఆయన చేసిన ఇంకో గాజు కిటికీ చూడాలంటే మేం రైలెక్కక్కర్లేదు. 1971లో తెరిచిన మొనాష్ యూనివర్సిటీ రాబర్ట్ బ్లాక్‌వుడ్ హాల్లో, మా క్లేటన్‌లోనే ఉంది. 'బోర్డులు రాసుకునే ఆయన చేశాడా ఇది?' అని పిల్లలు అడిగారు. అవునని చెప్పాం. పనిచేసే చేతుల మీద వాళ్లకు గౌరవం పెరగడానికి అంతకంటే మంచి పాఠం ఏ కోర్సులోనూ దొరకలేదు.

'బొమ్మలు అన్నం పెడతాయా?'

ఈ మాట అనేవాళ్లు మనలో చాలామంది. కోడింగ్ నేర్పండి, లెక్కల ట్యూషన్ పెట్టండి అంటారు. వాళ్ల భయం అర్థం కానిది కాదు. ఇంత దూరం వచ్చింది పిల్లలు మనలా ఎండలో, చలిలో నిలబడకూడదనే కదా. మా పిల్లలు చిత్రకారులు అవుతారని మేం ఈ పని చేయడం లేదు. వాళ్లలో ఒకరు అయితే సంతోషం, కాకపోయినా బెంగలేదు.

మాకు కావాల్సింది వేరే. పదేళ్ల తర్వాత పిల్లలు ఇల్లు వదిలి వెళ్తారు. అప్పటికి వాళ్లకు మన గురించి ఏం గుర్తుంటుంది? చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చిన జాకెట్టేనా? లేక బల్ల మీద పక్కన కూర్చుని, పొట్టి తొండం ఏనుగును గీసి, తెలుగులో 'ఇందులో ఏం జరుగుతోందిరా?' అని అడిగిన మనిషా? వారానికి ఒక గంటతో అది తేలిపోతుందంటే ఆ గంట ఖరీదైనది కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎక్కువ కొనకండి. గీతల్లేని నోటుబుక్కు, హెచ్‌బీ పెన్సిలు, క్రేయాన్లు చాలు. కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టెలు పారేయకండి, వాటి లోపలివైపు మంచి కాగితమే. చిన్న వీడియో ఒకటి ఎంచుకోండి. ముందు రోజు రాత్రి చూసిపెట్టుకోండి. కాగితాలు మాత్రం పిల్లలకెన్నో లెక్కపెట్టి, మీ కోసం ఒకటి ఎక్కువ తీసుకోండి.